ప్రాణం పోశామనే ముందు అరువు లెక్క చెప్పండి

సైన్సు వార్తలు రాసే విలేకరులకు, వాటికి శీర్షికలు పెట్టే సంపాదకులకు, విశ్వవిద్యాలయాల్లోనూ పరిశోధన సంస్థల్లోనూ పత్రికా ప్రకటనలు తయారుచేసే మిత్రులకు,

నమస్కారం.

నేను జీవరసాయన శాస్త్రం పాఠాలు చెప్పుకునే మనిషిని. ప్రయోగశాలలో ప్రాణిని సృష్టించారన్న వార్త వచ్చిన ప్రతిసారీ మర్నాడు తరగతిలో మొదటి ప్రశ్న దాని మీదే వస్తుంది. "నిజమేనా?" అని అడుగుతారు. అసలు పరిశోధన పత్రం తీసి చూస్తే, చాలాసార్లు అందులో ఉన్నదంతా నిజమే. వార్తలో ఉన్నది మాత్రం అందులో ఉండదు. పత్రానికీ వార్తకీ మధ్య ఆ ఎడం ఎక్కడ పుడుతుందో మీకు నాకంటే బాగా తెలుసు. అందుకే ఈ లేఖ శాస్త్రవేత్తలకు కాక మీకు రాస్తున్నాను.

ముందే ఒక మాట చెప్పాలి. ప్రాణం పుట్టుక మనిషి చేతికి ఎన్నటికీ అందని రహస్యమని వాదించడానికి నేను రాలేదు. కిడ్నీ అవసరం లేకుండా యూరియా తయారుచేయగలనని 1828లో ఫ్రెడరిక్ వోలర్ తన గురువుకు ఉత్తరం రాసిన నాటి నుంచి, బతికున్న శరీరాల్లో జరిగేది రసాయన శాస్త్రమేనని ఒక్కొక్క మెట్టూ రుజువవుతూ వచ్చింది. ఎప్పటికో ఒకప్పటికి ఎవరో ఒకరు ఉత్త రసాయనాలతో మొదలుపెట్టి కణాన్ని నిలబెడతారనే నా నమ్మకం. చేయకముందే చేశారని రాయడం మీదే నా అభ్యంతరం.

ఈ తొందర మీ తరంతో మొదలైంది కాదు. 1857లో సైక్లాప్స్ అనే ఓడ అట్లాంటిక్ అడుగు నుంచి బురద తీసుకొచ్చింది. పాడవకుండా దాన్ని ఆల్కహాల్‌లో దాచారు. 1868లో థామస్ హక్స్‌లీ ఆ బురదను సూక్ష్మదర్శిని కింద పెట్టి చూస్తే జిగురులాంటి పదార్థం కనిపించింది. అది ఆదిమ జీవపదార్థమని నమ్మి బాథీబియస్ అని పేరు పెట్టాడు. సముద్రగర్భమంతా ఈ బతికున్న జిగురు పరుచుకుని ఉందని నమ్మినవాళ్లూ ఉన్నారు. 1872లో బయల్దేరిన చాలెంజర్ నౌక దాన్ని వెతుక్కుంటూ వెళ్లింది. తాజాగా తీసిన బురదలో జిగురు లేదు. ఓడలో ఉన్న రసాయన శాస్త్రవేత్త జాన్ బుకానన్ అసలు సంగతి పట్టుకున్నాడు. సముద్రపు నీటిలో ఆల్కహాల్ బాగా కలిపితే కాల్షియం సల్ఫేటు జిగురులా పేరుకుంటుంది, అంతే. 1875లో హక్స్‌లీ తన పొరపాటును నేచర్ పత్రికలోనే బహిరంగంగా ఒప్పుకున్నాడు. ఎంత మర్యాదగా ఒప్పుకున్నాడంటే, ఆయన మీద నాకు గౌరవం పెరిగిందే తప్ప తగ్గలేదు.

తరవాత 1905. కేంబ్రిడ్జిలోని కావెండిష్ ప్రయోగశాలలో జాన్ బట్లర్ బర్క్ అనే భౌతిక శాస్త్రవేత్త మాంసపు రసం, జెలటిన్ కలిపిన ద్రవంలో రేడియం ఉప్పు వేశాడు. పెరుగుతున్నట్టూ విడిపోతున్నట్టూ కనిపించే నలుసులు పుట్టాయి. వాటికి రేడియోబ్‌లని పేరు పెట్టాడు. రేడియం అంటేనే జనం వెర్రెత్తిపోతున్న రోజులవి, పత్రికలు ఊరుకుంటాయా? తరవాత జాగ్రత్తగా పరీక్షించి చూస్తే, రేడియంతో పాటు వచ్చిన బేరియం జెలటిన్‌లోని సల్ఫేటుతో కలిసి ఏర్పడిన అవక్షేపమని తేలింది. అక్కడ కాల్షియం సల్ఫేటు, ఇక్కడ బేరియం సల్ఫేటు. సల్ఫేటు లవణాలకు మనుషుల్ని మోసం చేసే సరదా ఏదో ఉన్నట్టుంది.

మన దగ్గరా ఇలాంటిది జరిగింది. 1960ల్లో అలహాబాద్ విశ్వవిద్యాలయంలో కృష్ణ బహదూర్ బృందం అమ్మోనియం మాలిబ్డేటు, ఫాస్ఫేటు, ఫార్మాల్డిహైడ్, మరికొన్ని ఖనిజ లవణాలు కలిపిన ద్రావణాన్ని ఎండలో పెట్టింది. అందులో గుండ్రటి సూక్ష్మ కణికలు ఏర్పడ్డాయి. కణికలు ఏర్పడటం నిజం, అందులో తప్పు పట్టేదేమీ లేదు. కానీ వాటికి జీవాణువులని పేరు పెట్టడంతో తేలవలసిన సంగతి తేలిపోయినట్టే అయింది. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. 1967లో అమెరికా అంతరిక్ష సంస్థ నాసా తరఫున ఇద్దరు శాస్త్రవేత్తలు ఆ ప్రయోగాలను సమీక్షించి, అవి ఎలాంటివో, వాటి గుణాలేమిటో ఇంకా తేలవలసే ఉందని రాశారు. ఆ పేరు పెట్టకపోయుంటే, కాంతితో కణికలు ఎలా పుడతాయన్న మంచి రసాయన శాస్త్రంగా ఆ పని ఇంకా చాలామంది చేతుల్లో నలిగి ఉండేదేమో.

ఇవి పాత కథలు, ఇప్పుడు పరికరాలు మెరుగయ్యాయి, సల్ఫేటు లవణాన్ని చూసి ప్రాణి అనుకునేవాళ్లు లేరు అంటారా? ఒప్పుకుంటాను. ఇప్పటి పొరపాటు వేరు. ఇప్పుడు ప్రయోగంలో ప్రాణం నిజంగానే ఉంటుంది. కానీ అది ప్రయోగం చేసినవాళ్లు పోసింది కాదు, ముందునుంచీ అక్కడ ఉన్నదే.

దీనికి తొలి నమూనా 1899 నాటిది. జాక్ లోబ్ అనే శాస్త్రవేత్త సీ అర్చిన్ అనే సముద్ర జీవి అండాలను మగ బీజంతో పనిలేకుండా, సముద్రపు నీటిలో లవణాల పాళ్లు మార్చి పిండాలుగా ఎదిగేలా చేశాడు. గొప్ప ప్రయోగమది. పత్రికలు దాన్ని ప్రాణిసృష్టిగా రాశాయి. అండం అప్పటికే బతికున్న కణమన్న సంగతి ఆ హడావుడిలో ఎవరికీ పట్టలేదు. లోబ్ చేసింది అండాన్ని మేల్కొలపడం. అండాన్ని తయారుచేసింది సీ అర్చిన్.

ఇప్పుడు ఒక్క వైరస్ కథ చెబుతాను. నా ఫిర్యాదంతా అందులో ఉంది. ఫై ఎక్స్ 174 అని దాని పేరు. ఇ. కోలి బాక్టీరియా మీద బతికే అతి చిన్న వైరస్. 5,386 అక్షరాల (డీఎన్‌ఏలో వరసగా ఉండే రసాయన ప్రమాణాలను అక్షరాలంటాం) ఒంటిపేట డీఎన్‌ఏ ఉంగరం, 11 జన్యువులు, చుట్టూ ప్రోటీన్ల పెంకు. 1967 డిసెంబర్ 14న ఆర్థర్ కోర్న్‌బర్గ్, మెహ్రాన్ గౌలియన్, రాబర్ట్ సిన్‌షైమర్ ఈ వైరస్ డీఎన్‌ఏకు పరీక్షనాళికలో నకలు తీశామనీ, ఆ నకలుకు బాక్టీరియాను పట్టుకునే శక్తి ఉందనీ ప్రకటించారు. ఆ రోజే అమెరికా అధ్యక్షుడు లిండన్ జాన్సన్ ఒక సభలో మాట్లాడుతూ, స్టాన్‌ఫర్డ్ మేధావులు పరీక్షనాళికలో ప్రాణాన్ని సృష్టించారని చెప్పేశాడు. ఇక పత్రికల సంగతి చెప్పాలా?

ఆ ప్రయోగంలో అరువు తెచ్చినవేమిటో చూడండి. నకలు తీయడానికి మూలంగా పెట్టుకున్నది సహజ వైరస్ డీఎన్‌ఏనే. నకలు తీసిన ఎంజైమ్ బాక్టీరియా నుంచి వేరుచేసింది. తయారైన డీఎన్‌ఏను పరీక్షించింది బతికున్న ఇ. కోలి కణాల్లో. వైరస్ ప్రోటీన్లను తయారుచేసింది ఆ కణాల రైబోజోములు, దానికి శక్తి సమకూర్చింది ఆ కణాల జీవక్రియ. ఇంత తీసేసినా కోర్న్‌బర్గ్ చేసింది చిన్న పని కాదు. వేల అక్షరాల డీఎన్‌ఏను గొట్టంలో, పనిచేసేంత ఖచ్చితంగా నకలు తీయవచ్చని అంతకుముందు ఎవరూ చూపించలేదు. వార్త అదే కావాల్సింది.

పదేళ్ల తరవాత, 1977లో, ఫ్రెడరిక్ సాంగర్ బృందం ఇదే వైరస్ డీఎన్‌ఏను మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివింది. పూర్తిగా చదివిన మొదటి డీఎన్‌ఏ జీనోమ్ అదే. జీనోమ్ అంటే ఒక ప్రాణికో వైరస్‌కో చెందిన జన్యు పాఠం మొత్తం. 2003లో క్రెయిగ్ వెంటర్, హామిల్టన్ స్మిత్, క్లైడ్ హచిసన్ బృందం సహజ మూలం లేకుండా, యంత్రాలు తయారుచేసిన పొట్టి డీఎన్‌ఏ ముక్కలను అతికి, 14 రోజుల్లో ఇదే వైరస్ జీనోమ్‌ను నిలబెట్టింది. 2025 సెప్టెంబర్‌లో, జీనోమ్‌ల మీద శిక్షణ పొందిన కృత్రిమ మేధ ఇదే వైరస్‌ను నమూనాగా పెట్టుకుని కొత్త జీనోమ్‌లు రాసిందనీ, వాటిలో కొన్ని నిజంగానే బాక్టీరియాను పట్టుకున్నాయనీ ఒక ప్రీప్రింట్, అంటే తోటి శాస్త్రవేత్తలు ఇంకా పరీక్షించని పత్రం, వచ్చింది. కృత్రిమ మేధ ప్రాణం పోసిందన్న ధోరణి మళ్లీ మొదలైంది.

ఒకసారి నకలు తీశారు, ఒకసారి చదివారు, ఒకసారి చదివినదాన్ని బట్టి కట్టారు, ఒకసారి కొత్తగా రాశారు. ఒక శాస్త్రం దాదాపు 60 ఏళ్లలో ఎలా ఎదిగిందో చూపడానికి ఇంతకంటే మంచి కథ నాకు తెలియదు. కానీ 1967 నాటి మాటే నిజమైతే 2003లో కొత్తగా చేసిందేముంది? 2025లో ఏముంది? ప్రాణసృష్టి అన్న ఒక్క మాట పైన కప్పేస్తే, ఈ పనులు ఒకదాన్నుంచి ఒకటి ఎలా వేరో పాఠకుడికి కనిపించదు. ఇన్నిసార్లూ మారనిది ఒకటే. ఆ డీఎన్‌ఏను ఎవరు తయారుచేసినా, దాన్ని వైరస్‌గా మార్చింది బతికున్న ఇ. కోలి కణమే.

2010 మే 20 నాటి ప్రకటన మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. వెంటర్ సంస్థ మైకోప్లాస్మా మైకాయిడీస్ అనే బాక్టీరియా జీనోమ్‌ను, సుమారు 10.8 లక్షల అక్షరాలను, రసాయనికంగా తయారుచేయించిన ముక్కలతో కట్టింది. దాన్ని మైకోప్లాస్మా కాప్రికోలమ్ అనే దగ్గరి చుట్టపు కణంలోకి మార్చింది. ఆ కణం, దాని సంతతి కొత్త జీనోమ్ చెప్పినట్టు నడుచుకున్నాయి. సుమారు 4 కోట్ల డాలర్ల ఖర్చు. ఒక ముఖ్యమైన జన్యువులో ఒక్క అక్షరం జారిపోయినందుకు పని కొన్ని నెలలు ఆగిపోయింది. పది లక్షల్లో ఒక్క అక్షరం! నాకైతే ఆ ప్రకటన మొత్తంలో ఒళ్లు జలదరించిన వాక్యం అదే, శీర్షికల్లో అది లేదు. భూమ్మీద కంప్యూటర్ తల్లిదండ్రిగా పుట్టిన మొదటి జాతి ఇదని వెంటర్ అన్నాడు, అది మాత్రం అన్నిచోట్లా వచ్చింది.

శాస్త్రవేత్తలే అలా గొప్పలు చెప్పుకుంటే మేమేం చేస్తామని మీరు అడగవచ్చు. చెప్పుకున్నారు, నిజమే. దాన్ని పక్కవాడిని అడిగి చూడటమే కదా మీ వృత్తి. అడిగినవాళ్లకు జవాబు దొరికింది కూడా. నోబెల్ గ్రహీత డేవిడ్ బాల్టిమోర్, వెంటర్ ప్రాణాన్ని సృష్టించలేదు, అనుకరించాడంతే అని తేల్చేశాడు. లెక్క తీస్తే, జీనోమ్ పాఠం కొన్ని మార్పులు తప్ప ప్రకృతిలో ఉన్నదానికి నకలు. ముక్కలను ఒకదానికొకటి కలిపే పని ఈస్ట్ కణాల లోపల జరిగింది. ఆ జీనోమ్‌ను మొదటిసారి చదివి పని మొదలుపెట్టిన రైబోజోములు, ఎంజైములు, చుట్టూ ఉన్న పొర, అన్నీ కాప్రికోలమ్ కణానివి.

ఆ శీర్షికల వేడి ఎంతదూరం వెళ్లిందంటే, అధ్యక్షుడు ఒబామా జీవనైతిక సంఘాన్ని ఆరు నెలల్లో పరిశీలించి చెప్పమన్నాడు. ఆ ఏడాది డిసెంబర్‌లో సంఘం నివేదిక ఇచ్చింది. ఈ సాధన ఎంత అసాధారణమైనదైనా, శాస్త్రపరంగా చూసినా నైతికంగా చూసినా ప్రాణాన్ని సృష్టించడం కాదని అందులో రాసింది. పరిశోధన పత్రాన్ని శ్రద్ధగా చదివితే ఆ సాయంత్రమే తెలిసిపోయే సంగతది. అది అప్పుడే రాసి ఉంటే, ఆ సంఘం సమయంలో కొంతైనా, ఇలాంటి జీనోమ్‌లను ఎవరు ఆర్డరు చేస్తున్నారో ఎవరు కనిపెట్టి ఉండాలన్న అసలు ప్రశ్నకు మిగిలి ఉండేది.

ఇంకో నష్టం నాకు ఎక్కువ బాధ కలిగిస్తుంది. 2016లో అదే సంస్థ ఆ జీనోమ్‌ను చెక్కుతూ చెక్కుతూ 473 జన్యువులకు తగ్గించింది. స్వతంత్రంగా పెంచగలిగే కణాల్లో అంత చిన్న జీనోమ్ అంతకుముందు లేదు. ఆ 473లో 149 జన్యువులు ఏం పని చేస్తున్నాయో తెలియలేదు. తీసేస్తే కణం బతకదు, లేదా సరిగా పెరగదు. ఎందుకో తెలియదు. ఆలోచించండి, బతకడానికి అవసరమైన జన్యువుల్లో దాదాపు మూడోవంతు మనకు అర్థం కానివి! ఆ కణాలు విభజన చెందేటప్పుడు వంకరటింకరగా, రకరకాల పరిమాణాల్లో విడిపోయేవి. 2021లో అవి మామూలుగా విడిపోవడానికి 7 జన్యువులు తిరిగి చేర్చాల్సి వచ్చిందని తేలింది, ఆ ఏడులో కొన్నింటి పని అప్పటికీ తెలియదు. 2010లోనే ప్రాణం సృష్టించేశారని చదివిన పాఠకుడికి 2016 నాటి ఈ వార్త ఎందుకు ముఖ్యమో ఎలా అర్థమవుతుంది? సృష్టించినవాళ్లకు తాము సృష్టించింది ఎలా పనిచేస్తుందో తెలియకపోవడం ఏమిటని అయోమయపడతాడు. పత్రికల్లో అది చిన్న వార్తగా పోయింది.

రైబోజోముల మాట ఇన్నిసార్లు ఎందుకు ఎత్తుతున్నానో చెప్పాలి. కణంలో ప్రోటీన్లు తయారుచేసే యంత్రం రైబోజోమ్. బాక్టీరియా రైబోజోమ్‌లో యాభైకి పైగా ప్రోటీన్లు, 3 ఆర్‌ఎన్‌ఏ పోగులు ఉంటాయి. ఆ యాభై ప్రోటీన్లనూ తయారుచేసేది మళ్లీ రైబోజోములే. చెట్టు ముందా విత్తు ముందా అన్న చిక్కు ఇక్కడ అక్షరాలా ఉంది. 2001లో తకుయా ఉయెదా బృందం ఇ. కోలి నుంచి ఈ పనికి అవసరమైన ముప్పైకి పైగా ప్రోటీన్లను విడివిడిగా శుద్ధిచేసి, రైబోజోములతో కలిపి, కణం లేకుండానే గొట్టంలో ప్రోటీన్లు తయారయ్యే మిశ్రమాన్ని రూపొందించింది. కృత్రిమ కణం కట్టాలని ఇవాళ ప్రయత్నిస్తున్న చాలా బృందాలకు అదే పెట్టుబడి. కానీ ఆ మిశ్రమం తనలోని భాగాలన్నింటినీ తానే మళ్లీ తయారుచేసుకోలేదు. కొన్ని గంటలు పనిచేసి ఆగిపోతుంది. మళ్లీ నడవాలంటే మళ్లీ ఇ. కోలి దగ్గరికి వెళ్లాలి. కొవ్వు పొరతో చేసిన బుడగలో ఈ మిశ్రమం పోసి, లోపల మెరిసే ప్రోటీన్ ఒకటి తయారైతే, ఫొటో చాలా అందంగా వస్తుంది. ఆ ఫొటో కింద మీరు రాసే వాక్యం గురించే నా భయం.

కప్ప పిండం కణాలతో తయారైన జెనోబాట్‌ల విషయమూ ఇంతే. 2021లో అవి తమ ప్రతిరూపాలను తామే చేసుకుంటున్నాయని వచ్చిన వార్తలు చదివి చాలామంది ఉలిక్కిపడ్డారు. పళ్లెంలో విడిగా పోసిన కప్ప కణాలను అవి తోసుకుంటూ పోగుచేస్తే, ఆ పోగులు కొత్త జెనోబాట్‌లయ్యాయి. చూడముచ్చటైన పరిశీలన. కణాలు మాత్రం కప్పవి, వాటిని పళ్లెంలో పోసింది మనుషులు.

కృత్రిమ ప్రాణి కాకపోయినా దానికి చుట్టమే అయిన మరో ఉదంతం ఉంది, ప్రచార విభాగాల మిత్రులు దాన్ని మర్చిపోకూడదు. 2010 చివర్లో నాసా, భూమికి ఆవల ప్రాణం కోసం జరిగే అన్వేషణ మీద ప్రభావం చూపే విషయం ఒకటి ప్రకటిస్తామని విలేకరులను పిలిచింది. రెండు మూడు రోజులు ప్రపంచమంతా ఊహాగానాలు. తీరా డిసెంబర్ 2న చెప్పింది, కాలిఫోర్నియాలోని మోనో సరస్సులో దొరికిన బాక్టీరియా డీఎన్‌ఏలో ఫాస్ఫరస్ బదులు ఆర్సెనిక్ వాడుకోగలదని. వారం తిరగకుండానే సూక్ష్మజీవ శాస్త్రవేత్త రోజీ రెడ్‌ఫీల్డ్ ఆ పద్ధతుల్లోని లోపాలను విడమరిచి రాసింది. సైన్స్ పత్రిక 2011లో అసలు పత్రాన్ని అచ్చువేసినప్పుడు దానితో పాటు ఎనిమిది విమర్శలు వేయాల్సి వచ్చింది. 2012లో రెండు బృందాలు విడివిడిగా పరీక్షించి, ఆ బాక్టీరియాకు ఫాస్ఫేటు కావలసిందేనని చూపాయి. పత్రాన్ని ఉపసంహరించుకోవడానికి సైన్స్ పత్రికకు 2025 జులై వరకూ పట్టింది. మోసం జరిగిందని ఎవరూ అనలేదు, రచయితలు ఉపసంహరణకు ఒప్పుకోనూ లేదు. కానీ ఆ ప్రెస్‌మీట్ అంత అట్టహాసంగా జరగకపోయుంటే, మామూలుగా వచ్చి మామూలుగా సరిదిద్దబడే పత్రాల్లో అదొకటై పోయేది. ఆ పత్రం రాసిన ప్రధాన పరిశోధకురాలు ఏళ్ల తరబడి మోయాల్సి వచ్చిన బరువులో సగం పిలుపు రాసినవాళ్లు పెట్టిందేనని నా అభిప్రాయం.

ప్రకటనల్లో కాస్త రంగు పులమకపోతే ఎవరూ పట్టించుకోరని ప్రచార విభాగాల్లో ఒక నమ్మకం ఉంది. దాన్ని పరీక్షించి చూసినవాళ్లున్నారు. కార్డిఫ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు బ్రిటన్‌లోని 20 ప్రముఖ విశ్వవిద్యాలయాలు ఆరోగ్య పరిశోధనల మీద 2011లో ఇచ్చిన 462 పత్రికా ప్రకటనలను అసలు పత్రాలతోనూ, తరవాత వచ్చిన వార్తలతోనూ పోల్చి 2014లో బీఎంజే అనే వైద్య పత్రికలో రాశారు. జంతువుల మీద చేసిన పరిశోధనను మనుషులకు వర్తింపజేసే అతిశయోక్తినే తీసుకోండి. ప్రకటనలో అది ఉన్నప్పుడు 86 శాతం వార్తల్లో ఉంది, ప్రకటనలో లేనప్పుడు 10 శాతంలోనే ఉంది. అంటే వార్తలు సొంతంగా కల్పించింది తక్కువ, అందుకుని రాసింది ఎక్కువ. ఇంకో సంగతి, అతిశయోక్తి ఉన్న ప్రకటనలను పత్రికలు ఎక్కువగా తీసుకున్నాయనడానికి గట్టి ఆధారం దొరకలేదు. పులిమిన రంగు వల్ల పెద్దగా ఒరిగిందేమీ లేదన్నమాట.

నిబ్బరంగా చెప్పి గెలిచినవాళ్లు ఈ రంగంలోనే ఉన్నారు. 1953లో స్టాన్లీ మిల్లర్ నీటి ఆవిరి, మీథేన్, అమ్మోనియా, హైడ్రోజన్ ఉన్న గాజు పాత్రలో విద్యుత్తు మెరుపులు పుట్టించి, ప్రోటీన్లకు ఇటుకల్లాంటి అమైనో ఆమ్లాలు సంపాదించాడు. తన పత్రానికి, ఆదిమ భూమి మీద ఉండి ఉండగల పరిస్థితుల్లో అమైనో ఆమ్లాల ఉత్పత్తి అన్న అర్థం వచ్చే పేరు పెట్టుకున్నాడు. ఏవి ఖాయంగా గుర్తుపట్టాడో, ఏవి ఇంకా సందేహమో విడివిడిగా రాశాడు. 1970లో హరగోవింద్ ఖొరానా ఈస్ట్‌లోని ఒక జన్యువును, 77 అక్షరాలది, పూర్తిగా రసాయనికంగా కట్టాడు. జన్యువు కట్టానన్నాడు, అది అప్పటికి కణంలో పనిచేసే జన్యువు కాదు. కణంలో పనిచేసే కృత్రిమ జన్యువును ఆయన బృందం 1976లో చూపించింది. మధ్యలో ఉన్న ఆరేళ్ల పనిని ఎవరూ ముందుగానే జమ వేసుకోలేదు. 2009లో ట్రేసీ లింకన్, జెరాల్డ్ జాయిస్ ఒకదాన్నొకటి తయారుచేసుకుంటూ పెరిగే రెండు ఆర్‌ఎన్‌ఏ ఎంజైములను చూపించారు. ప్రోటీన్లు లేవు, కణం లేదు. ప్రాణమన్న మాట వాడాలన్న కోరిక ఎవరికైనా పుడితే అక్కడే పుట్టాలి. జాయిస్ వాడలేదు. ముందుగా సిద్ధంచేసి ఇచ్చిన ముక్కలతోనే అది నడుస్తుందనీ, కొత్త పనులు తానుగా కనిపెట్టలేదనీ చెప్పాడు.

ప్రాణానికి అందరూ ఒప్పుకున్న నిర్వచనమే లేనప్పుడు సృష్టించారనీ సృష్టించలేదనీ ఎలా చెబుతావని ఒక సంపాదక మిత్రుడు అడిగాడు. మంచి ప్రశ్నే. 1935లో వెండెల్ స్టాన్లీ పొగాకు తెగులు వైరస్‌ను స్ఫటికాలుగా పేర్చి చూపినప్పటి నుంచి ఆ తగవు తెగలేదు. డార్విన్ చెప్పిన పరిణామం చెందగలిగే, తనను తాను నిలుపుకోగలిగే రసాయన వ్యవస్థ అని నాసా చర్చల్లో 1990ల్లో వచ్చిన నిర్వచనం ఒకటి బాగా వాడుకలో ఉంది, దానికీ అభ్యంతరాలున్నాయి. అందుకే నేను నిర్వచనం అడగడం లేదు. అరువు లెక్క అడుగుతున్నాను. ఏ భాగాలు అంగడిలో దొరికే రసాయనాల నుంచి వచ్చాయి, ఏవి బతికున్న కణాల నుంచి వచ్చాయి అన్నది అభిప్రాయం కాదు. ప్రతి పరిశోధన పత్రంలోనూ పద్ధతుల భాగంలో అది రాసే ఉంటుంది. దాన్ని మీ వార్త మొదటి రెండు పేరాల్లోకి తెండి. ప్రాణమా కాదా అన్నది ఆ తరవాత పాఠకుడే తేల్చుకుంటాడు.

అలా రాస్తే వార్త చప్పబడిపోతుందా? 2010 నాటి దాన్నే రాసి చూస్తాను. "ఒక బాక్టీరియా జీనోమ్‌ను పదిలక్షలకు పైగా అక్షరాలతో రసాయనికంగా తయారుచేసి, దానికి దగ్గరి జాతి కణంలో ప్రవేశపెట్టగా, ఆ కణం క్రమంగా కొత్త జీనోమ్‌కు చెందిన జాతిగా మారిపోయింది. జీనోమ్ పాఠం చాలావరకు ప్రకృతిలో ఉన్నదే. ముక్కలను జోడించడానికి ఈస్ట్ కణాలను వాడారు. జీనోమ్ తప్ప కణంలోని మిగతా భాగాలన్నీ మొదట సహజ కణానివే." నాలుగు వాక్యాలు. ఒక జాతి కణం మరో జాతిగా మారిపోయిందన్న మాట చదివి ఆగిపోని పాఠకుడు ఎవరుంటారు?

పత్రం బయటికి రాకముందే ప్రెస్‌మీట్ పెట్టకండి. పరీక్షకులు ఇంకా చూడని ప్రీప్రింట్ అయితే ఆ సంగతి చివరి పేరాలో కాక మొదట్లోనే చెప్పండి. ఆ పనిలో భాగం లేని ఒక శాస్త్రవేత్తను, పొగడటానికి కాక తప్పులు వెతకడానికి, పిలవండి. ఇవన్నీ మీకు తెలిసినవే, సాగదీయను.

ఇదంతా ఇప్పుడే ఎందుకంటే, ఈ రంగం నుంచి నిజమైన హెచ్చరిక ఒకటి వచ్చింది. 2024 డిసెంబర్‌లో 38 మంది శాస్త్రవేత్తలు సైన్స్ పత్రికలో కలిసి రాశారు. కుడిచేయి, ఎడమచేయి ఒకదానికొకటి అద్దపు ప్రతిబింబాలైనట్టే చాలా అణువులకూ రెండు రూపాలుంటాయి. భూమ్మీద ప్రాణులన్నింటిలో ప్రోటీన్లలోని అమైనో ఆమ్లాలు ఎడమచేతి రూపంలో, డీఎన్‌ఏ చక్కెరలు కుడిచేతి రూపంలో ఉంటాయి. ఇవన్నీ అద్దంలో ప్రతిబింబంలా తారుమారైన బాక్టీరియాను ఎవరైనా తయారుచేస్తే, మన రోగనిరోధక వ్యవస్థ దాన్ని సరిగా గుర్తుపట్టలేకపోవచ్చు, దాన్ని తినే సహజ శత్రువులూ ఉండకపోవచ్చు. కాబట్టి అలాంటిది తయారుచేయవద్దని వాళ్లు కోరారు. వాళ్లలో కొందరు గతంలో ఆ దారిలోనే పనిచేసినవాళ్లు. ఆ సామర్థ్యం రావడానికి కనీసం పదేళ్లు పడుతుందని కూడా రాశారు. ఆ పదేళ్లన్న అంచనాలోనే హెచ్చరిక విలువంతా ఉంది. నిబంధనలు పెట్టుకోవడానికి సమయముంది, బద్ధకించడానికి లేదు. కానీ కృత్రిమ ప్రాణి ఎప్పుడో వచ్చేసిందని నాలుగైదు సార్లు చదివిన పాఠకుడికి ఆ పదేళ్ల లెక్క ఎలా ఎక్కుతుంది? అద్దపు బాక్టీరియా రేపే మీద పడుతుందని హడలిపోతాడు, లేదా ఇలాంటివి ఎన్ని చూడలేదని తోసిపుచ్చుతాడు.

ఉత్త భాగాల నుంచి కణాన్ని కట్టాలని ఇప్పుడు చాలా దేశాల్లో బృందాలు పనిచేస్తున్నాయి. నెదర్లాండ్స్‌లో 2017 నుంచి అలాంటి ఉమ్మడి కార్యక్రమం నడుస్తోంది. రాబోయే కొన్నేళ్లలో వీటిలో ఏదో ఒకచోట నుంచి, పెరిగి రెండుగా విడిపోయే కృత్రిమ బుడగ గురించి మీ బల్ల మీదికి ఒక ప్రకటన వస్తుందని నా అంచనా. అది వచ్చిన రోజు ఫోన్ చేసి మూడు సంగతులు అడగండి. లోపలి రైబోజోములు ఎక్కడివి? బయటి నుంచి తాజా మిశ్రమం పోయకుండా ఎన్ని తరాలు నడిచింది? పిల్ల బుడగల్లో తల్లిలో లేని మార్పు ఏదైనా వచ్చి, నిలిచి, తరవాతి తరానికి అందిందా? వాళ్లు ఏం చెబితే అది అలాగే అచ్చువేయండి. రైబోజోములు ఇ. కోలివి అని జవాబొస్తే, ఇ. కోలి పేరు శీర్షికకు వీలైనంత దగ్గరగా ఉండేలా చూడండి.

ఇట్లు,
ఒక జీవరసాయన శాస్త్ర అధ్యాపకుడు